కిటికీలో అంకురార్పణ

ఏప్రిల్ వచ్చినా మా మిచిగన్‌లో చలి వదలదు. మే నెల మధ్య దాకా గడ్డకట్టే రాత్రుల భయం ఉంటుంది. అందుకే మా ఇంట్లో వ్యవసాయం కిటికీ దగ్గర మొదలవుతుంది. అడుగున చిల్లు పెట్టిన కాగితపు కప్పుల్లో మట్టి నింపి, రాత్రంతా నానబెట్టిన గోంగూర విత్తనాలను పిల్లలు అర అంగుళం లోతున వేస్తారు.

ఒకసారి ఆ పని చేస్తూనే మా ఐదేళ్ళ అమ్మాయి అడిగింది: "నాన్నా, మా కిండర్‌గార్టెన్‌లో గార్డెన్ లేదు కదా, మరి ఆ పేరెందుకు?" జవాబు తెలియక పుస్తకాలు తిరగేశాను.

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక బడి ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే "పిల్లల తోట" అని పేరు పెట్టారు. అది ఉత్త పేరు కాదు. అక్కడ ప్రతి పిల్లవాడికీ సొంతంగా ఒక చిన్న మడి ఉండేది.

ఆ బడిని అమెరికాకు తెచ్చింది మార్గరెట్ షుర్జ్ అనే ఒక వలస వచ్చిన తల్లి. 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో తన కూతురినీ, బంధువుల పిల్లలనూ కూర్చోబెట్టుకుని జర్మన్ భాషలోనే నేర్పింది. ఇంగ్లీషులో కిండర్‌గార్టెన్ 1860లో బోస్టన్‌లో ఎలిజబెత్ పీబాడీతో మొదలైంది. అంటే ఈ దేశంలో తొలి కిండర్‌గార్టెన్ ఒక ప్రవాస కుటుంబపు మాతృభాషా తరగతి! ఆదివారాల్లో తెలుగు బడి నడిపే మనకు ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

తర్వాత 1891లో బోస్టన్‌లోని రాక్స్‌బరీలో జార్జ్ పట్నం స్కూల్లో పిల్లల తోట వెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918లో, ప్రభుత్వమే "స్కూల్ గార్డెన్ ఆర్మీ" పేరుతో బడిపిల్లల చేత కూరగాయలు పండించింది.

మనకీ ఈ సంప్రదాయం కొత్తది కాదు. పెళ్ళిలో ముత్తైదువలు మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు విష్వక్సేనుల వారు ఊరేగింపుగా వెళ్తే, తెచ్చిన పుట్టమన్నులో నవధాన్యాలు మొలకెత్తిస్తారు. అదే అంకురార్పణ. ఇప్పుడు సభల్లో "ప్రారంభం" అనే అర్థంలో వాడేస్తున్నాం గానీ, ఆ మాట పుట్టింది మట్టిలోనే.

నారు పోసినవాడు నీరు పోయకపోడంటారు. మా అమ్మాయి ప్రేమ కొద్దీ మరీ ఎక్కువ పోసింది. సగం మొలకలు మొదట్లోనే కుళ్ళి పడిపోయాయి. ఏడ్చింది. మళ్ళీ కప్పులు కడిగి, కొత్త మట్టి పోసి, రెండోసారి వేశాం. ఆ వారం రోజుల్లో విత్తనం, మొలక, నారు, మడి అనే నాలుగు మాటలు నేను నేర్పకుండానే నేర్చుకుంది.

పొద్దు తగ్గితే గానీ గోంగూర పూత పట్టదు. మా వైపు కాయ ముదిరే లోపే చలికి మాడిపోతుంది. అందుకే దాచుకోవడానికి విత్తనం మిగలదు. ఏటా ఎవరో ఒకరి దగ్గర తెచ్చుకుని, మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే. ఇక్కడ మన భాష సంగతీ అంతే. వచ్చే ఏప్రిల్‌లో మీ పిల్లల చేతికీ నాలుగు గింజలివ్వండి.