కొబ్బరి చక్కెర

కొబ్బరిచెట్టు విచ్చుకోని పూగెలను గీస్తే కారే నీరాను కాచి చేసే గోధుమరంగు తీపి పదార్థం. కొబ్బరికాయతో దీనికి సంబంధం లేదు. కొబ్బరి రుచీ ఉండదు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ప్రధాన ఉత్పత్తి దేశాలు.

తయారీ: నీరా పులియకుండా కుండ లోపల సున్నం పూస్తారు. వడకట్టి, వెడల్పాటి బాణలిలో చిక్కబడేదాకా మరిగించి, దించాక పలుకు కట్టేవరకు కలియబెడతారు.

వంటలో వాడకం: పంచదారకు బదులు అంతే కొలతలో వేయవచ్చు. పలుకు ముతకగా ఉంటుంది కనుక కేకు పిండిలో త్వరగా కరగదు. ముందే మిక్సీలో పొడి చేసుకోవాలి. రవ్వలడ్డు, పాలకోవా వంటివి దీనితో చేస్తే గోధుమరంగుకు తిరుగుతాయి, కాచిన పాకం వాసన వస్తుంది.

పోషకాలు: ఇందులో 70–80 శాతం సుక్రోజే. కేలరీలు దాదాపు పంచదారతో సమానం, ఖనిజాలు స్వల్పం. మధుమేహం ఉన్నవారు దీన్నీ చక్కెర కిందే లెక్కించాలి.