ది కింగ్ ఆఫ్ కాంగ్

'ది కింగ్ ఆఫ్ కాంగ్: ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ క్వార్టర్స్' 2007లో వచ్చిన అమెరికన్ డాక్యుమెంటరీ. దర్శకుడు సేథ్ గోర్డన్. నాణెం వేసి ఆడే 'డాంకీ కాంగ్' వీడియో గేమ్‌లో ప్రపంచ రికార్డు కోసం ఇద్దరు సంసారులు పట్టిన పంతమే దీని కథ.

నింటెండో ఈ గేమ్‌ను 1981లో విడుదల చేసింది. రూపకర్త షిగెరు మియమోతో. పీపాలు దొర్లించే కోతి చెరలోంచి ప్రియురాలిని విడిపించే వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. మన పట్టణాల వీడియో గేమ్ షాపుల్లో గంటకింతని కట్టి ఆడిన పిల్లలకు ఆ మారియోనే తెలుసు.

ఈ ఆటకు 22వ లెవెల్లో అడ్డుగోడ ఉంది. గడువు లెక్కగట్టేందుకు ప్రోగ్రామ్ లెవెల్ సంఖ్యకు 4 కలిపి 10తో హెచ్చిస్తుంది. 22 దగ్గర అది 260. ఒక బైట్‌లో 255కు మించి పట్టదు కనుక 256 పోగా మిగిలేది 4. కొన్ని సెకన్లకే సమయం అయిపోయి మారియో చచ్చిపోతాడు. ఎంత ఘనుడైనా అక్కడ ఆగాల్సిందే. ఆలోగా ఎన్ని పాయింట్లు పిండుకున్నాడన్నదే పోటీ.

ఫ్లోరిడాకు చెందిన బిల్లీ మిచెల్ 1982లో 8,74,300 చేశాడు. ఇలాంటి రికార్డుల లెక్క చూసేది వాల్టర్ డే అయోవాలో స్థాపించిన 'ట్విన్ గెలాక్సీస్'. బోయింగ్‌లో ఉద్యోగం పోయిన స్టీవ్ వీబీ, రెడ్మండ్‌లోని తన గ్యారేజీలో కూర్చుని పది లక్షలు దాటాడు. ఆ ఆటను రికార్డు చేసిన టేపులో బాత్రూంలోంచి కొడుకు గోల పెడుతున్నా తండ్రి చెయ్యి జాయ్‌స్టిక్ వదలదు. సినిమాలో మరుపురాని ఘట్టం అదే. కానీ అతని మెషీన్ బోర్డు మిచెల్‌కు గిట్టనివాడి దగ్గర్నుంచి వచ్చిందని ఆ స్కోరును పక్కనపెట్టారు. 2005లో వీబీ న్యూ హాంప్‌షైర్‌లోని ఫన్‌స్పాట్‌కు వెళ్లి, అందరి కళ్లముందూ 9,85,600 చేశాడు. మిచెల్ రాలేదు, 10,47,200 చూపే టేపు పంపాడు.

చూసినవాళ్లంతా వీబీ పక్షమే అవుతారు. ఎడిటింగ్ చేసిన పని అది. 2000లోనే టిమ్ షెర్బీ 8,79,200తో మిచెల్‌ను దాటిన సంగతిని సినిమా ఎత్తనేలేదు. ఎత్తితే ఇద్దరి యుద్ధం ముగ్గురిదై పలచబడేది. డాక్యుమెంటరీ కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

అసలు మలుపు 2018లో వచ్చింది. లెవెల్ మారేటప్పుడు మిచెల్ టేపుల్లో తెర గీసుకునే తీరు అసలు మెషీన్‌తో పొసగడం లేదని ఫిర్యాదు అందింది. ట్విన్ గెలాక్సీస్ అతని స్కోర్లన్నీ కొట్టేసింది. దాంతో తొలిసారి పది లక్షలు దాటిన ఘనత వీబీకి దక్కింది. గిన్నిస్ కూడా మిచెల్ పేరు తొలగించి, 2020లో మళ్లీ చేర్చుకుంది. మిచెల్ కోర్టుకెక్కాడు. 2024 జనవరిలో ట్విన్ గెలాక్సీస్ రాజీపడి, అతని స్కోర్లను పాత రికార్డుల భాండారంలో పెట్టింది.

మధ్యలో 2010లో, ఈ సినిమా చూసి ఆట మొదలుపెట్టిన న్యూయార్క్ ప్లాస్టిక్ సర్జన్ హాంక్ చియెన్ 10,61,700తో ఇద్దరినీ దాటేశాడు.