ప్రొపెల్లర్ షాఫ్టు కథ



జీపును చూడనివారు మీలో ఎవరూ ఉండరు. కాని జీపు క్రిందికి వంగి చూసినవారు కొద్దిమందే ఉంటారు. ఈసారి ఎక్కడైనా పాత జీపు ఆగి ఉంటే ఒకసారి వంగి చూడండి. నడుమ ఉన్న గేరుపెట్టె దగ్గర నుంచి వెనుక ఇరుసు దాకా మణికట్టు లావున ఒక ఇనుప గొట్టం కనిపిస్తుంది. దాని రెండు కొసల గ్రీజు మరకలతో రెండు కీళ్ళు ఉంటాయి. దానినే ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. ముందు చక్రాల వైపుకు పోయేది మరొకటి ఉంటుంది. ఇంజను బలం చక్రానికి చేరాలంటే ఈ గొట్టం తిరగవలసిందే. ఈ గొట్టం ఎక్కడ పుట్టింది, మన కొండదారుల దాకా ఎట్లా వచ్చింది, అది విరిగిననాడు ఏమి జరుగుతుంది అనే సంగతులు ఈ వ్యాసంలో మీకు మనవి చేస్తాను.

ముందుగా నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. ఒక ఏడాది తొలకరిలో చింతపల్లి అవతలి ఒక కొండ గ్రామానికి వరి విత్తనాలు చేర్చడానికి అద్దెకు ఒక పాత జీపు మాట్లాడుకొన్నాము. నర్సీపట్నంలో బస్తాలు ఎక్కించి బయలుదేరాము. బస్తాల మీద ఇద్దరు రైతులు కూర్చున్నారు. లంబసింగి ఘాటు ఎక్కుతుండగా సీటు క్రింద పెద్ద చప్పుడయింది. ఇంజను గట్టిగా రొద పెట్టింది కాని బండి ముందుకు కదలలేదు. మెల్లగా వెనక్కు జారడం మొదలుపెట్టింది. డ్రైవరు చేతిబ్రేకు లాగాడు. అది పట్టలేదు. కాలిబ్రేకు గట్టిగా తొక్కి పట్టుకొని, "సారూ, రాయి వెయ్యండి!" అని కేక పెట్టాడు. నేనూ, ఆ రైతులిద్దరూ దిగి వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాము. అప్పుడు గాని మా ప్రాణాలు కుదుటపడలేదు.

చేతిబ్రేకు ఎందుకు పట్టలేదు? ఆ పాత నమూనా జీపులో చేతిబ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరుపెట్టెకు ఆనుకొని ట్రాన్స్‌ఫర్ కేసు అనేది ఒకటి ఉంటుంది. రెండు ఇరుసులకూ బలాన్ని పంచేది అదే. దాని వెనుక, షాఫ్టు మొదట్లోనే చేతిబ్రేకు డ్రమ్ము ఉంటుంది. అనగా ఆ బ్రేకు పట్టేది షాఫ్టును. షాఫ్టు ఆగితే దానితోపాటు చక్రాలు ఆగుతాయి. మరి షాఫ్టే తెగిపోతే, ఇక చక్రాన్ని పట్టేదేమున్నది? మా జీపులో వెనుక ఇరుసు దగ్గరి కీలు విరిగింది. ఈ ఒక్క సంగతి పాత జీపు ఉన్న ప్రతివారూ మనసులో పెట్టుకోవాలి.

ఇక చరిత్రకు వద్దాము.

ఇంజను, గేరుపెట్టె బండి చట్రానికి బిగించి ఉంటాయి. వెనుక ఇరుసు మాత్రం కమ్ముల మీద ఊగుతూ ఉంటుంది. గుంట వస్తే దిగుతుంది, మిట్ట వస్తే లేస్తుంది. కదలని దాని నుంచి ఊగే దానికి తిరిగే బలాన్ని అందించడం ఎట్లా? నిటారు కడ్డీ పెడితే మొదటి గుంటలోనే వంగిపోతుంది. తొలినాటి మోటారు బండ్లలో చాలావాటికి సైకిలుకు ఉన్నట్లే గొలుసులు ఉండేవి. వాటికి దుమ్మూ బురదా పట్టేవి. అరిగేవి, తెగేవి.

దీనికి జవాబు మోటారు బండి పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే ఉన్నది. పడవ ఎంత ఊగినా దిక్సూచి చదునుగా నిలవడానికి, ఒకదానిలో ఒకటి అడ్డంగా తిరిగే వలయాలలో దానిని అమర్చేవారు. ఇటలీ దేశస్థుడు జెరొలామో కార్డానో 16వ శతాబ్దంలో ఇటువంటి అమరికను గురించి వ్రాశాడు. అందుచేతనే యూరపులో నేటికీ ఈ షాఫ్టును కార్డాన్ షాఫ్టు అంటారు. తరువాతి శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కీలును తిరిగే బలాన్ని అందించే సాధనంగా వివరించాడు. సూర్యుణ్ణి చూసే పరికరాన్ని గురించి 1676లో వ్రాసిన పుస్తకంలో దీనిని వర్ణించాడు. రెండు కవల ముక్కలు, వాటి మధ్య కూడిక గుర్తు ఆకారంలో ఒక క్రాసు. ఇంతే ఆ కీలు.

కాని ఆ కీలుకు ఒక దోషం ఉన్నది. వంపులో తిరిగేటప్పుడు ఒక కొస సమంగా తిరిగినా, రెండవ కొస సమంగా తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వడి హెచ్చుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 20 డిగ్రీలు ఉన్నదనుకోండి. ఇటు 100 చుట్ల వడి ఉంటే, అటు ఒకసారి 106 వడితోను, ఒకసారి 94 వడితోను పోతుంది. ఈ హెచ్చుతగ్గుల సంగతి హుక్‌కు తెలుసు. దీనికి విరుగుడు ఏమిటంటే, రెండవ కొసకు కూడా అటువంటి కీలే పెట్టాలి. రెండు వంపులూ సమానంగా ఉండాలి. గొట్టానికి రెండు కొసల ఉన్న కవలలూ ఒకే వరుసలో నిలవాలి. అప్పుడు మొదటి కీలు చేసిన తప్పును రెండవ కీలు దిద్దుతుంది. వరుస తప్పితే మాత్రం దిద్దడానికి బదులు తప్పు మీద తప్పు చేరుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

ఈ కీలును మోటారు బండికి పనికివచ్చేటట్లు తీర్చినవాడు అమెరికాలోని క్లారెన్సు స్పైసర్. 1875లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు గొలుసుకు బదులు కీళ్ళ షాఫ్టు పెట్టే మార్గం ఆలోచించాడు. 1903లో పేటెంటు సంపాదించి, 1904లో న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డులో ఆ కీళ్ళ తయారీ ప్రారంభించాడు. మోటారు కంపెనీలు క్రమంగా గొలుసు వదలి షాఫ్టు పట్టాయి.

జీపు పుట్టుక దీని తరువాతి కథ. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ తొక్కే తేలిక బండి కావాలని కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ తన మొదటి బండిని 1940 సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకు ఒక షాఫ్టు, వెనుకకు ఒక షాఫ్టు. ఒక్కొక్క షాఫ్టుకు రెండేసి కీళ్ళు. బురదలో జీపు చూపిన బలమంతా వీటి మీదుగా పోయినదే.

యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ కంపెనీ సీజే-2ఏ అనే జీపును రైతుల కోసమని విడుదల చేసింది. దానికి నాగలి కట్టవచ్చునని, కోరినవారికి వెనుక నుంచి యంత్రాలు త్రిప్పే పవర్ టేకాఫ్ కూడా అమరుస్తామని ప్రచారం చేసింది. దున్నడంలో జీపు ట్రాక్టరుకు సాటి రాలేదు గాని, పొలం దారికి, సంత దారికి బాగా పనికివచ్చింది.

మన దేశంలో మహీంద్రా కంపెనీ 1940ల చివరలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో సమాజ వికాస పథకం ప్రారంభమయింది. ఆనాటి మన రాష్ట్రంలో పంచాయతీ సమితులకు 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. ఆ కాలంలో గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చేవాడు, బ్లాకు అధికారి జీపులో వచ్చేవాడు. 'జీపు వచ్చింది' అంటే 'సర్కారు వచ్చింది' అని అర్థం. మా వ్యవసాయ విస్తరణ శాఖవారి పనికీ, జీపుకూ ఆనాటి నుంచీ సంబంధం ఉన్నది.

1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బి నమూనా అక్కడ 1968తో ఆగిపోయింది. మన దేశంలో దాని వంశం ఆ తరువాత కూడా చాలాకాలం నడిచింది. మేము అద్దెకు తీసుకొన్నది ఆ వంశపుదే.

బండి వస్తే చాలదు. బాగుచేసేవాడు కూడా ఉండాలి. బెజవాడలో 1960లలో జవహర్ ఆటోనగర్ వెలిసింది. చిన్న పట్టణాలలో ఒక్కొక్కటిగా లేతు షాపులు వచ్చాయి. మా షాఫ్టును బాగుచేసిన నర్సీపట్నం మేస్త్రిగారి తండ్రి కొలిమి పెట్టి నాగలి కర్రులు సాగగొట్టేవారట. కొడుకు లేతు పట్టారు. పనిముట్టు మారింది గాని, పొలానికి చేసే సేవ మారలేదు.

ఆనాడు ఘాటులో విరిగిన షాఫ్టును స్పానరుతో ఊడదీసి బండిలో వేసుకొని, ముందు చక్రాల గేరు తగిలించి, మెల్లగా నర్సీపట్నం దిగి వచ్చాము. మేస్త్రిగారు షాఫ్టును బల్ల మీద పెట్టి సుత్తి పట్టలేదు. ముందు గుడ్డతో శుభ్రంగా తుడిచారు. షాఫ్టులో పళ్ళు ఉన్న జారుడు భాగం ఒకటి ఉంటుంది. ఇరుసు లేచి పడినప్పుడు షాఫ్టు పొడవు హెచ్చడానికి, తగ్గడానికి అది ఏర్పాటు. ఆ రెండు ముక్కల మీదా బాణం గుర్తులు చెక్కి ఉన్నాయి. ఆయన వాటిని వేలితో చూపి, "చూడండి సారూ, ఈ బాణం ఒక చోట, ఆ బాణం ఒక చోట. పళ్ళు తప్పించి బిగించారు. ఎవరు విప్పారు దీన్ని?" అన్నారు.

నేను మాట్లాడలేకపోయాను. నెల రోజుల క్రితం డ్రైవరు తన షెడ్డులో గ్రీజు పెట్టడానికి దానిని విప్పి బిగించినప్పుడు ప్రక్కన టార్చిలైటు పట్టుకొని నిలబడినది నేనే. బాణాల సంగతి మా ఇద్దరికీ తెలియదు. ఆ తరువాత బండి కదిలేటప్పుడు 'ఠక్' మనేది, వడి హెచ్చితే నేల అదిరేది. పాత బండి గదా అని ఊరుకొన్నాము. కవలల వరుస తప్పిన షాఫ్టు నెల రోజులు కీలును కొట్టి కొట్టి చివరకు విరిచింది. హుక్‌కు తెలిసిన దోషమే మమ్మల్ని ఘాటులో నిలబెట్టింది.

బాగుచేసిన పద్ధతి కూడా చెబుతాను. మీరు షాపుకు పోయినప్పుడు ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదట గొట్టాన్ని రెండు వి-ఆకారపు దిమ్మెల మీద పెట్టి, డయల్ గేజి ఆనించి చేతితో త్రిప్పారు. ముల్లు ఊగిసలాట చూస్తే గొట్టం వంగిందని తేలింది. వంగిన గొట్టాన్ని సుత్తితో సరిచేయడానికి ఆయన ఒప్పుకోలేదు. లేతు మీద పాత వెల్డింగు కోసి, అదే లావు, అదే మందం గల అతుకు లేని కొత్త గొట్టం తెచ్చి, కవలలను అందులో దిగగొట్టారు. రెండు కొసల కవలలూ ఒకే వరుసలో ఉన్నాయా అని చదును బల్ల మీద పెట్టి చూశారు. ఎదురెదురుగా నాలుగు చోట్ల చుక్క వెల్డింగు పెట్టి, మళ్ళీ గేజితో చూసి, ఆ తరువాతనే చుట్టూ వెల్డింగు పూర్తిచేశారు. ఒకే పక్క నుంచి వెల్డింగు చేస్తూ పోతే వేడికి గొట్టం గుంజుకుపోతుంది. జారుడు భాగం పళ్ళు అరిగి ఉన్నందున అది కొత్తది వేశారు. రెండు కొసలకూ కొత్త క్రాసులు, సూది బేరింగుల కప్పులు వేసి, క్లిప్పులు గాడిలో కూర్చున్నాయో లేదో ఒక్కొక్కటి చూశారు.

ఇంత చేసి, "నా పని ఇక్కడికి అయింది. బ్యాలెన్సు విశాఖపట్నంలో చేయించండి, ఆ మిషను నా దగ్గర లేదు" అన్నారు. మంచి పనివాడి గుర్తు ఇదే. 65 కిలోమీటర్ల వడిలో జీపు షాఫ్టు నిమిషానికి రెండువేల చుట్లకు పైగా తిరుగుతుంది. ఒక ప్రక్క కొద్దిపాటి బరువు హెచ్చినా ఆ వడిలో సుత్తిదెబ్బలవుతుంది. విశాఖలో మిషను మీద త్రిప్పి, తేలికైన ప్రక్కన చిన్న రేకు ముక్కలు అతికించి తూకం సరిచేశారు. అటువంటి ముక్కలు మీ షాఫ్టు మీద కనబడితే అతుకులనుకొని గీకి పారవేయకండి.

ఈ హడావుడిలో విత్తనాలు నాలుగు రోజులు ఆలస్యంగా గ్రామానికి చేరాయి. ఆ రైతులు నన్ను ఏమీ అనలేదు. వానలు కూడా ఆ నాలుగు రోజులు ఓర్చుకొన్నాయి. ప్రతి ఏడూ ఓర్చుకొంటాయని నమ్మకం లేదు.

'మాకు జీపు లేదు గదా, ఈ కథ మాకెందుకు?' అంటారా? మీ ట్రాక్టరు వెనుక రోటవేటరును త్రిప్పే పవర్ టేకాఫ్ షాఫ్టు చూడండి. అవే రెండు కీళ్ళు, అదే జారుడు భాగం. కవలల వరుస అక్కడ కూడా తప్పకూడదు. అది మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అనగా సెకనుకు తొమ్మిది. పంచె కొస గాని, చీర కొంగు గాని, మెడలోని తువ్వాలు గాని చిక్కితే, చెయ్యి వెనక్కు తీసుకొనే వ్యవధి ఉండదు. దాని మీది ప్లాస్టిక్కు తొడుగు ఊడదీసి మూలన పడవేయకండి. తిరిగే షాఫ్టును దాటకండి. ఇంజను ఆపిన తరువాతనే చెయ్యి పెట్టండి.

చివరగా నా మనవి ఇది. షాఫ్టు విప్పేముందు సుద్దముక్కతోనైనా, పంచితోనైనా రెండు ముక్కల మీద గుర్తు పెట్టండి. వేళకు గ్రీజు పట్టించండి. కదిలేటప్పుడు 'ఠక్' మన్నా, వడిలో నేల అదిరినా ఆ రోజే షాపుకు తీసుకుపోండి. పాత జీపును ఏటవాలులో నిలిపితే చేతిబ్రేకుతోపాటు చక్రానికి రాయి కూడా పెట్టండి. మా జీపు షాఫ్టు మీద ఆ రెండు బాణాలూ ఇప్పుడు ఎదురెదురుగా ఉన్నాయి. టార్చిలైటు పట్టుకొని నేనే చూశాను.