సమ్మె కాలంలో సైనికులకు పాట

మన సంఘ సభ్యులలో సమ్మె చేయనివారు, కనీసం సమ్మె నిధికి చందా ఇవ్వనివారు అరుదు. అందుకే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో జరిగిన ఒక సమ్మెను గురించి, ఆ సమ్మె నడుస్తుండగానే సైనికుల కోసం తయారైన రికార్డులను గురించి ఈ ప్రత్యేక సంచికలో రాయాలనిపించింది. రేడియో ఉద్యోగంలో ఏళ్ల తరబడి గ్రామఫోను రికార్డుల బీరువాల మధ్య గడిపినవాణ్ణి కనుక నాకీ విషయం మీద మమకారం కాస్త ఎక్కువ.

1942 ఆగస్టు 1న అమెరికన్ సంగీత కళాకారుల యూనియన్, జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలో, రికార్డింగులకు వాయించడం మానేసింది. వాద్యగాడు ఒక్కసారి వాయించి కూలి పుచ్చుకుంటాడు. ఆ రికార్డు మాత్రం రేడియోలోనూ హోటళ్లలోనూ వెయ్యిసార్లు మోగి మరో వాద్యగాడి పొట్ట కొడుతుంది. కనుక అమ్మిన రికార్డులపై కొంత సొమ్ము నిరుద్యోగ కళాకారుల నిధికి జమకట్టాలన్నది వారి కోరిక. డెక్కా కంపెనీ 1943లో దిగివచ్చింది. ఆర్.సి.ఎ. విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరు దాకా మొండికేశాయి.

మరి సముద్రాల అవతల ఉన్న లక్షలాది సైనికులకు కొత్త పాటలెలా? సైన్యంలో రికార్డింగు పని తెలిసిన రాబర్ట్ విన్సెంట్ అనే అధికారి పూనుకొని పెట్రిల్లోను ఒప్పించాడు. కళాకారులు పారితోషికం లేకుండా పాడతారు, వాయిస్తారు. అయితే ఆ రికార్డులు బజారులో అమ్మరాదు, పని తీరాక నాశనం చేయాలి. ఇదీ ఒప్పందం. 1943 అక్టోబరు నుంచి ఇవి 'వి-డిస్కులు' అన్న పేరుతో ఓడలెక్కాయి. 'వి' అంటే విక్టరీ, విజయం.

ఇక్కడ మన దేశం ప్రస్తావన వస్తుంది. ఆనాటి మామూలు రికార్డుకు ముఖ్యమైన సరుకు లక్క. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే! ప్రపంచానికి కావలసిన లక్కలో అధికభాగం ఛోటా నాగపూర్ అడవులలో మోదుగ, రేగు, కుసుమ చెట్లపై పెరిగే పురుగుల నుంచి వచ్చేది. యుద్ధం వల్ల రవాణా చిక్కుల్లో పడింది. లక్క యుద్ధ సామగ్రికీ అవసరమైంది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకాన్ని 70 శాతం తగ్గించింది. పైగా లక్క రికార్డు చేయి జారితే ముక్కలే. అందుచేత వి-డిస్కులను వినైల్‌తో చేశారు. 12 అంగుళాల పళ్లెం, గాడులు దగ్గర దగ్గరగా. ఒక్కో వైపు ఆరు నిమిషాలకు పైగా మోగేది. మామూలు 10 అంగుళాల రికార్డు మూడు నిమిషాలకే అయిపోయేది కనుక, తీరిగ్గా వాయించే అవకాశం కళాకారులకు దొరికింది.

ఆ డిస్కులలో అన్ని రకాల సంగీతమూ ఉంది. నాకు ఇష్టమైనది జంప్ బ్లూస్. నల్లజాతివారి విషాద గీతం బ్లూస్‌ను తీసుకొని, దానికి పరుగు నడక, హాస్యపు మాటలు, ముందు వరుసలో శాక్సఫోను తగిలిస్తే జంప్ బ్లూస్. యువకులు సైన్యానికి పోయారు, పెట్రోలుకూ టైర్లకూ రేషను. పదిహేను ఇరవై మంది మేళాన్ని ఊరూరా తిప్పడం కష్టమైంది. అయిదారుగురి బృందాలకు రోజులొచ్చాయి. వారిలో మొనగాడు ఆర్కాన్సా రాష్ట్రంలో 1908లో పుట్టిన లూయిస్ జోర్డాన్. సైనికుడి దినచర్య మీద జానీ మెర్సర్ రాసిన 'జి.ఐ. జైవ్' పాటను పాడి, 1944లో తెల్లవారి నల్లవారి తేడా లేకుండా అందరి చేతా కాళ్లు ఆడించాడు.

తేడా లేనిది పాటలోనే. ఆనాటి అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు వేరు, బసలు వేరు. మన అస్సాంలోని లెడో నుంచి బర్మా అడవుల గుండా చైనా వైపు రోడ్డు వేసిన అమెరికన్ సైనికులలో అధిక సంఖ్యాకులు నల్లవారే. సైనిక రేడియో వారు అటువంటి దళాలను ఉద్దేశించి 1942లో 'జూబిలీ' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఎర్నీ విట్‌మన్ వ్యాఖ్యాత. 16 అంగుళాల పళ్లేలమీద రికార్డుచేసి దూరతీరాల స్టేషన్లకు పంపేవారు. జోర్డాన్ అందులో పలుమార్లు పాల్గొన్నాడు. వినోదం పంచడానికి నల్లవారి సంగీతం కావాలి, పక్కన కూర్చోడానికి మాత్రం నల్ల సైనికుడు పనికిరాడు! సైన్యంలో ఈ వివక్ష తొలగాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చేసరికి 1948 జూలై వచ్చింది.

వి-డిస్కుల పథకం 1949 మేలో ముగిసింది. అప్పటికి ఎనభై లక్షలకు పైగా ప్రతులు వెళ్లాయి. మాట ప్రకారం మూల ముద్రలను ధ్వంసం చేశారు. డిస్కులు దాచుకున్నవారి ఇళ్లపై దర్యాప్తు అధికారులు దాడులు చేశారు. లాస్ ఏంజిలస్‌లో ఒక రికార్డు కంపెనీ ఉద్యోగికి జైలుశిక్ష కూడా పడింది. ఉచితంగా ఇచ్చిన శ్రమను ఎవడో అమ్ముకోకూడదన్న యూనియన్ పట్టుదల నాకు అర్థమవుతుంది, నేను దాని పక్షమే. కానీ మూల ముద్రలను భద్రపరచి తాళం వేసినా మాట దక్కేది కదా! రికార్డు బీరువాల మనిషిగా ఇది మింగుడు పడదు.

అదృష్టవశాత్తు అమెరికా పార్లమెంటు గ్రంథాలయంలో ఒక పూర్తి కట్ట నిలిచింది. సైనికులు ట్రంకుపెట్టెల అడుగున బట్టలకింద దాచి తెచ్చుకున్నవీ నిలిచాయి. ఫాట్స్ వాలర్ అనే గొప్ప పియానో విద్వాంసుడు 1943 సెప్టెంబరులో న్యూయార్కులో వీటికోసం ఒంటరిగా కూర్చుని వాయించి, పాడి వెళ్లాడు. డిసెంబరులో రైలు ప్రయాణంలో కన్నుమూశాడు. అప్పటికి వయసు ముప్ఫై తొమ్మిదే. ఆనాటి ఆ గొంతు, ఆ పియానో నేడు సి.డి.ల మీద వినవచ్చు.