పెరటి మోరీకి లోతెంత?

వరంగల్లు నుండి విజయవాడ వైపు పోయే రైలుమార్గంలో నెక్కొండ ఒక స్టేషను. అక్కడ ఒక ఇంటివారు పెరట్లో మోరీ త్రవ్వించదలచారనుకొందాము. గడ్డపార, పార, తట్ట, ఇద్దరు మనుషులు ఉంటే ఒక పూటలో పని తీరుతుంది. జానెడు లోతు చాలునని పెద్దలంటారు. ఇదే పని అమెరికా ఈశాన్యభాగంలోని న్యూ హాంప్షైరులో చేయబూనితే నాలుగడుగులైనా దిగక తప్పదు. పారేది రెండు చోట్లా నీరే. మరి ఈ తేడా ఎందువలన వచ్చినది?

ఆ మంచుదేశాలలో కాలువ త్రవ్వకం ఒక శాస్త్రంగా రూపొందినది 19వ శతాబ్దంలో. స్కాట్లాండు నుండి వలస వెళ్ళి న్యూయార్కు రాష్ట్రంలో సేద్యం చేసిన జాన్ జాన్‌స్టన్ 1835లో స్వదేశం నుండి కాల్చిన మట్టిగొట్టాల నమూనాలు తెప్పించి, వాటిని చూసి గొట్టాలు చేయించి, తన పొలంలో పాతాడు. ఇరుగుపొరుగువారు నవ్వారట. పంట పెరిగిన తరువాత ఆ నవ్వులు ఆగిపోయాయి. 1859లో హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ అనే న్యూ హాంప్షైరు న్యాయవాది పొలాల మురుగుకాలువలపై ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. గులకరాళ్ళు నింపిన కాలువను నేడు "ఫ్రెంచి డ్రెయిన్" అంటున్నారు. ఫ్రాన్సు దేశానికి దానితో సంబంధం లేదు. అది ఈయన ఇంటిపేరు.

అక్కడ లోతును నిర్ణయించేది మంచు. చలికాలంలో నేల పైనుండి క్రిందికి గడ్డకట్టుకొంటూ పోతుంది. న్యూ హాంప్షైరులో అది నాలుగడుగుల వరకు దిగవచ్చును. నీరు గడ్డకట్టితే దాని ఘనపరిమాణం నూటికి 9 వంతులు పెరుగుతుంది. కనుక పైపైన వేసిన గొట్టంలో నీరు నిలిస్తే గొట్టం పగులుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని నేల మాత్రం ఆ 9 వంతుల లెక్కకు మించి, కొన్నిచోట్ల అంగుళాల కొలదిగా ఉబ్బి, రోడ్లను, గోడలను పైకి లేపుతుంది. దీనికి కారణమేమి?

ఈ చిక్కును విప్పినవాడు దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ టేబర్. 1929, 1930లలో ఆయన ప్రకటించిన ప్రయోగాలలో ఒకటి చాల చమత్కారమైనది. నీటికి బదులు బెంజీనుతో మట్టిని తడిపి గడ్డకట్టించాడు. బెంజీను గడ్డకట్టితే పెరగదు, కుంచించుకొంటుంది. అయినా మట్టి ఉబ్బినది! అంటే ఉబ్బుకు ముఖ్యకారణం వ్యాకోచం కాదు. గడ్డకట్టే పొర తన క్రిందనున్న తడిని సన్నని రంధ్రాల గుండా పైకి లాగుకొని, పలకలు పలకలుగా మంచును పేర్చుకొంటూ పోతుంది. దీపపు వత్తి నూనెను లాగినట్లే. మెత్తని ఒండుమట్టిలో ఈ లాగుడు బలంగా ఉంటుంది. పెద్ద గులకరాళ్ళ మధ్య వత్తి తెగిపోతుంది. కాలువలో గులక నింపడం వలన నీరు దారి చేసుకొని పోవడమే గాక నేల ఉబ్బడం కూడ తగ్గుతుందన్నమాట.

నెక్కొండ నేల గడ్డకట్టదు. అయితే నేల కదలదని అనుకోరాదు. వరంగల్లు ప్రాంతంలో ఎర్రని చల్క, నల్లరేగడి రెండూ ఉన్నాయి. రేగడిలోని బంకమన్ను వానలకు నీరు త్రాగి ఉబ్బుతుంది. ఎండలకు చేయి దూరేటంత నెర్రెలు విడుస్తుంది. అక్కడ మంచు చేసే పని ఇక్కడ ఎండా వానా చేస్తాయి. రేగడిలో వేసిన సిమెంటు మోరీ రెండేండ్లకు అతుకుల వద్ద విడిపోవడం అందుకే. చల్కలో ఈ బెడద తక్కువ.

కాని మన మోరీకి లోతుకన్న వాలు ముఖ్యం. వాలుకన్న అది ఎక్కడ ముగుస్తుందన్నది ముఖ్యం. 80 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తే 30 అడుగుల మోరీకి నాలుగున్నర అంగుళాలు. మేస్త్రీలు రసమట్టంతోనో, నీరు నింపిన సన్నని గొట్టంతోనో దీనిని తేలికగా చూడగలరు. ఆ వాలు తప్పితే నీరు నిలుస్తుంది. నిలిచిన మురుగులో క్యూలెక్సు దోమ గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు దోమ కావడానికి మన వేసవిలో పదిరోజులు చాలు. బోదకాలు పురుగు దోమలో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమాయ్‌లో కనుగొన్నాడు. ఆయన ప్రోత్సాహంతో పరిశోధించిన రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో మలేరియా రహస్యం పట్టుకొన్నాడు. బోదకాలు వరంగల్లు ప్రాంతానికి కొత్త వ్యాధి కాదు. వాచిన కాలు మళ్ళీ మామూలు కాలు కావడం బహు కష్టం. దానికి మూలం చాలసార్లు వంటింటి వెనుక జానెడు వెడల్పు నీటిలో ఉంటుంది.

మోరీ ఎక్కడ ముగియాలన్న ప్రశ్న చాల పాతది. మొహెంజొదారోలో ఇండ్ల నీరు ఇటుకలు కప్పిన వీధికాలువలలో కలిసేది. అంత ఏర్పాటు లేనిచోట నీటిని ఇంటివద్దనే భూమిలోకి ఇంకించేవారు. తక్షశిలలోని భీర్ దిబ్బను త్రవ్వించిన జాన్ మార్షల్‌కు ఇంకుడు బావులు కనిపించాయి. కొన్నింటిలో అడుగున చిల్లులు పెట్టిన కుండలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. మన పెద్దబంకూరులో 1960ల చివర మొదలైన త్రవ్వకాలలో శాతవాహనుల కాలపు ఇటుక బావులు, కాల్చిన మట్టివరల బావులు బయటపడ్డాయి. వరలు చేసే కుమ్మరి ఆనాడే ఈ గడ్డపై ఉన్నాడు. నగరాల దారి వేరు: 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు పిలిపించబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జలాశయాలతోపాటు భూగర్భ మురుగుకాలువలు కూడ సూచించాడు. పల్లెకు అంత వ్యయం సాధ్యం కాదు.

ఇటీవల ఉపాధి హామీ పథకం క్రింద తెలంగాణ పల్లెలలో ఇంటింటికి ఇంకుడుగుంతలు త్రవ్వించారు. గుంత త్రవ్వేముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. అడుగు లోతు గుంట తీసి, నీరు పోసి, మట్టి బాగుగా నానిన తరువాత మళ్ళీ నింపి, గంటకెంత దిగినదో కర్రతో కొలవాలి. చల్కలో నీరు చకచక దిగుతుంది. ఉబ్బిన రేగడిలో కర్రపై గుర్తు దాదాపు కదలదు. అచ్చట గుంత నిండిపోయి దోమకే ఇల్లవుతుంది కనుక, నీటిని అరటి, కొబ్బరి పాదులకు మళ్ళించడం మేలు. ఇక మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు నుండి వచ్చే నీరు వేరు సంగతి. దానిని ఇంకించే గుంట తాగునీటి బావికి 18 మీటర్లకు దగ్గరగా ఉండరాదని భారతీయ ప్రమాణం. ఇరుకైన పెరడులో ఆ కొలత పొరుగింటి బావి నుండి కూడ వేసి చూడాలి.