మాసిక ఖరీదు

పోయిన నెల సెలవులకొచ్చిన మా అబ్బాయి సూట్‌కేసులోంచి ఒక పాత నీలం కోటు తీశాడు. మోచేతుల దగ్గర రెండు మాసికలు, జేబు పక్కన ఇంకొకటి. కాలరు అంచు వెలిసి వెలిసి దాదాపు తెల్లబడింది. నా గుండె గుబేల్‌మంది. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న పిల్లాడు, చలికి కోటు కొనుక్కోవడానికి డబ్బుల్లేక ఎవరినో అడిగి తెచ్చుకున్నాడేమో అనుకున్నాను.

"ఎనభై యూరోలమ్మా! ఆదివారం పాత సామాన్ల సంతలో కొన్నాను. మాసికలు లేనిదైతే ఇంకా తక్కువకే వచ్చేది" అన్నాడు గర్వంగా.

మాసికలుంటే ధర తగ్గాలి గానీ పెరగడమేమిటి? వాడు చెప్పింది అర్థం కాక, వంటపని అయ్యాక రోజూ కాస్త కాస్త చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ ఆ కోటు మీద కోపం పోయి ఇంకేదో మొదలైంది. అదే మీతో చెప్పుకుందామని.

ఫ్రెంచివాళ్ళు దీన్ని 'బ్లూ ద త్రవాయ్' అంటారు. అంటే పనిలో వేసుకునే నీలం బట్టలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇది వాడుకలోకి వచ్చింది. అంతకుముందు అక్కడి రైతులూ కూలీలూ మోకాళ్ళ దాకా వేలాడే వదులు చొక్కాలు వేసుకునేవారు. పొలంలో వాటికి ఇబ్బంది లేదు. ఫ్యాక్టరీలో గిరగిర తిరిగే యంత్రాల మధ్య అలా వేలాడే బట్ట ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే పొట్టిగా, తిన్నగా కుట్టిన కోటు వచ్చింది. ముందు వరసగా గుండీలు, పైన అతికిన మూడు జేబులు. కింద రెండూ పనిముట్లకి, ఛాతీ మీదది పెన్సిలుకో సిగరెట్టుకో. మామూలు బట్టల మీద తొడుక్కునేది కాబట్టి కాస్త వదులు. అలంకారం అన్నది ఎక్కడా లేదు.

మంచి రకం కోట్లు 'మోల్‌స్కిన్' అనే బట్టతో కుట్టేవారు. పేరు విని నేను చర్మం అనుకున్నాను. కాదట, నూలు బట్టే. దారాల్ని బాగా దగ్గర దగ్గరగా నేసి, ఒకవైపు మెత్తగా నూగు తేల్చుతారు. గాలి తొందరగా చొరబడదు, త్వరగా చిరగదు. కొత్తలో అట్టలా బిర్రుగా ఉండి, ఉతికిన కొద్దీ ఒంటికి అలవాటవుతుంది.

మరి నీలమే ఎందుకు? నూనె మరకా, మసీ అంతగా కనబడవు. నీలిమందు అద్దకం అందుబాటులో ఉండేది. ఇక్కడ మనకో చుట్టరికం ఉంది. యూరప్‌కి వెళ్ళే నీలిమందులో బెంగాల్, బీహార్‌ల సరుకుతో పాటు మన కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాలదీ ఉండేది. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిమందు అమ్మకం మొదలుపెట్టాక, ఆకు పండించి తొట్లలో నానబెట్టి నీలి తీసే రైతుల పని క్రమంగా మూలపడింది. అక్కడ ఫ్యాక్టరీ కోట్లకి మాత్రం రంగు ఇంకా చవకైంది.

ఆ రంగే మనిషి అంతస్తు చెప్పేది. చాలా ఫ్యాక్టరీల్లో కార్మికులకి నీలం, పైన అజమాయిషీ చేసేవాళ్ళకి బూడిదరంగో తెలుపో. ఆదివారం మాత్రం కార్మికుడు కూడా నీలం విడిచి, ఉన్నదాంట్లో మంచి బట్టలు కట్టుకునేవాడు. ఫ్రెంచిలో 'ఆదివారం' అనే మాటలోంచి పుట్టిన క్రియాపదమే ఒకటుంది, మంచి బట్టలతో ముస్తాబవడం అని దానికి అర్థం. 1936లో ఆ నీలం బట్టలవాళ్ళే ఫ్యాక్టరీల్లోంచి కదలకుండా కూర్చుని సమ్మె చేశారు. లెయో బ్లూమ్ ప్రభుత్వం వారానికి 40 గంటల పని, ఏడాదికి 2 వారాలు జీతంతో సెలవు చట్టం చేసింది. జీవితంలో మొదటిసారి సముద్రం చూసిన కుటుంబాలు ఆ ఎండాకాలంలో ఎన్నో.

ఇంతవరకూ అంతా మగవాళ్ళ కథే. కానీ ఇన్ని పేజీలు చదువుతున్నా నా ఇంటి బుర్రకి ఒకటే ప్రశ్న: ఈ మసి కోట్లు ఉతికిందెవరు?

ఉతికింది ఆడవాళ్ళే. ఫ్రాన్స్ పల్లెల్లో, పట్నాల్లో 'లావ్వార్' అనే ఉతుకుడు రేవులుండేవి. పేటల్లో ఇలాంటివి కట్టించడానికి 1851లో ప్రభుత్వం చట్టం చేసి మరీ డబ్బు కేటాయించింది. గడ్డి పరిచిన చెక్కపెట్టెలో మోకాళ్ళు ఆనించి, చెక్క బ్యాటుతో బాదుతూ ఉతికేవారు. సబ్బు ఖరీదైన రోజుల్లో కట్టెల బూడిద నీళ్ళే వాడేవారు. మన చాకిరేవుల్లో చవుడు, వాళ్ళకి బూడిద! తర్వాత ఇళ్ళలోకి పెద్ద రేకు డ్రమ్ము వచ్చింది. దాన్ని పొయ్యి మీద పెడితే, మరిగే నీళ్ళు మధ్య గొట్టంలోంచి పైకెగసి బట్టల మీద పడుతూ ఉండేవి. ఇప్పుడు కలెక్టర్లు ముచ్చటపడే ఆ వెలిసిన నీలం, ఎవరో ఒకావిడ మరగబెట్టి, బాది, ఆరేసి తెచ్చిన రంగు.

మాసికలూ అంతే. పూర్తిగా పాడైన కోటుని విప్పి, దాని ముక్కల్ని ఇంకోదానికి వేసేవారు. అందుకే ఒకే కోటు మీద మూడు నాలుగు రకాల నీలాలు కనిపిస్తాయి. పెళ్ళికాని కార్మికుడు తనే కుట్టుకుని ఉండవచ్చు కానీ, ఎక్కువ ఇళ్ళలో ఆ సూది ఎవరి చేతిలో ఉండేదో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చవక కోటు ఫ్యాషన్ ఎలా అయింది? న్యూయార్క్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బిల్ కన్నింగ్‌హామ్ సైకిల్ మీద తిరుగుతూ వీధుల్లో జనం వేసుకున్న బట్టల్ని ఫొటోలు తీసేవాడు. ఆయన మాత్రం పారిస్‌లోని బి.హెచ్.వి. దుకాణంలో కొన్న ఇలాంటి నీలం కోటే వేసుకునేవాడు. 2008లో ఫ్రెంచి ప్రభుత్వం సత్కరించినప్పుడూ అదే. 2016లో ఆయన పోయేనాటికి ఆ కోటు ఆయన గుర్తు అయిపోయింది. ఇప్పుడు జపాన్, అమెరికాల్లో కూడా పాతవాటిని వెతికి కొంటున్నారు. కొత్త కోటుకి కావాలని రంగు వెలయించి, మాసికలేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు.

ఇదంతా చదివాక నాకు మా నాన్న గుర్తొచ్చారు. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయనకీ నీలం చొక్కాలే. అమ్మ వాటిని వేడినీళ్ళ సోడాలో నానబెట్టి ఉతికేది. మోచేతుల దగ్గర మాసిక లోపలివైపు నుంచి వేసేది, బయటికి కనబడకూడదని. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు నాన్న డ్యూటీ నుంచి నేరుగా మా స్కూలుకి ఫీజు కట్టడానికొచ్చారు. ఎవరో "మీ ఇంట్లో పనివాడా?" అని అడిగితే నేను కాదనలేదు. ఇంటికొచ్చి "ఆ చొక్కాతో మా స్కూలుకి రావద్దు నాన్నా" అన్నాను. ఆయనేం అనలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా తెల్లచొక్కాతోనే వచ్చారు.

రిటైరయ్యాక ఆ నీలం చొక్కాలు స్టీలు సామాన్లవాడికి వేసి అమ్మ ఒక బేసిన్ తీసుకుంది. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. చొక్కా ఒక్కటీ లేదు. నాన్నా లేరు.

మొన్న అమ్మ మా ఇంటికొస్తే కోటు చూపించాను. ధర విని నోరు నొక్కుకుంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కోటుని లోపలికి తిరగేసింది. మాసిక మీద వేలితో తడుముతూ చాలాసేపు చూసింది.

"పనిమంతురాలే. కుట్లన్నీ ఒక్క కొలత. ఇదిగో, ఇక్కడ దారం అయిపోయింది పాపం, నల్లదారం ఎక్కించింది" అంది.

కాసేపాగి, "ఎనభై అన్నావా? కుట్టినావిడకి ఏం ముట్టింది?" అని అడిగింది.

నేనేం చెప్పను? ఒక అంచు కాస్త ఊడి ఉంటే సూదీ దారం తెమ్మంది. నీలం దారం ఇస్తే వద్దని పక్కన పెట్టి, "ఆవిడ వేసిందే వెయ్యాలి" అని నల్లదారం అడిగి తీసుకుంది.

కుట్టడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. చిన్నప్పటి ఆ స్కూలు సంగతి అమ్మతో మొదటిసారి చెప్పాను. అమ్మ తలెత్తకుండా దారం కొరికి, "మీ నాన్న ఆరోజే చెప్పార్లే" అంది.