మత్తు నుండి మైదానానికి: ఐస్‌లాండ్ పిల్లల చరిత్ర చెప్పే పాఠం



కౌమారంలో ఉన్న పిల్లలు సిగరెట్టు, మద్యం, గంజాయి వంటి వాటి వైపు ఎందుకు పోతారు, వారిని ఎలా నిలుపుకోవాలి అన్న ప్రశ్న నేడు ప్రతి తల్లినీ తండ్రినీ కలవరపెడుతున్నది. కొందరు భయపెట్టాలంటారు. కొందరు చట్టం ఇంకా కఠినం కావాలంటారు. మరికొందరు సినిమా నటుల చేత, క్రికెట్ ఆటగాళ్ల చేత హితవు చెప్పించాలంటారు. ఈ మార్గాలన్నిటినీ ఎరిగి, చివరకు వేరొక దారి పట్టిన ఒక చిన్న దేశపు చరిత్రను మీ ముందుంచుతాను.

ఆ దేశం ఐస్‌లాండ్. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ద్వీపం. జనాభా నాలుగు లక్షల లోపు. 1998లో అక్కడి 15, 16 ఏళ్ల పిల్లలలో 42 శాతం మంది అంతకుముందు నెల రోజులలో ఒక్కసారైనా తప్పతాగినవారే. రోజూ పొగతాగేవారు 23 శాతం. గంజాయి రుచి చూసినవారు 17 శాతం. 2016 నాటికి ఈ అంకెలు వరుసగా 5, 3, 7 శాతానికి దిగివచ్చాయి. ఒక్క తరం కూడా గడవకముందే ఇంత మార్పు ఎలా సాధ్యమయింది?

నిషేధమే కారణమనుకుంటే పొరబాటు. ఐస్‌లాండ్‌లో మద్యనిషేధం 1915లోనే వచ్చింది. క్రమంగా సడలించినా, బీరుపై నిషేధం మాత్రం 1989 మార్చి 1 వరకు కొనసాగింది. అంతటి నిషేధ చరిత్ర కలిగిన దేశంలోనే, 1990 దశకంలో శుక్రవారం రాత్రి రాజధాని రేక్యవిక్ నడివీధులు తాగిన పిల్లలతో నిండిపోయేవి. ఉపదేశాలూ ఫలించలేదు. అమెరికాలో 1980 దశకంలో పోలీసు అధికారులే తరగతి గదులకు వెళ్లి మత్తుపదార్థాల కీడును బోధించే కార్యక్రమం విస్తృతంగా నడిచింది. తరువాతి పరిశోధనలలో దానివల్ల పిల్లల అలవాట్లలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. కీడు తెలియక మత్తుకు లోబడేవారు తక్కువ. తెలిసీ లోబడేవారే ఎక్కువ.

కారణం వేరే ఉందని గ్రహించినవారిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హార్వీ మిల్క్‌మన్ ఒకరు. ఏ మనిషి ఏ మత్తును ఎంచుకుంటాడన్నది అతడు ఒత్తిడిని ఎదుర్కొనే తీరును బట్టి ఉంటుందని ఆయన గమనించారు. బాధను మొద్దుబార్చుకోగోరేవారు హెరాయిన్ వైపు, ఉద్రేకం కోరేవారు యాంఫెటమిన్ వైపు మొగ్గేవారు. మనిషి వెదుకుతున్నది పదార్థాన్ని కాదు, ఆ పదార్థం మెదడులో కలిగించే స్థితిని. ఆ స్థితిని ఆట, పాట, నృత్యం వంటివి హాని లేకుండా ఇవ్వగలిగితే? ఈ ఆలోచనతో 1992లో డెన్వర్ నగరంలో ఆయన ఒక ప్రయత్నం ప్రారంభించారు. దారి తప్పిన పిల్లలకు 'మీకు చికిత్స చేస్తాం' అని చెప్పలేదు. 'ఏది నేర్చుకోవాలని ఉంటే అది నేర్పుతాం' అన్నారు. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, యుద్ధవిద్యలు నేర్పారు.

దీని వెనుక ఉన్న శరీరధర్మాన్ని ఒక్క మాటలో చెబుతాను. ఆనందాన్ని, ఉద్రేకాన్ని కోరే మెదడు భాగాలు కౌమారంలో ఉరకలు వేస్తాయి. వాటిని అదుపుచేసే ముందుభాగం మాత్రం ఇరవై ఏళ్లు దాటిన తరువాత గాని పూర్తిగా పరిణతి చెందదు. కనుక ఆ ఉరకను అణచడం కన్న, దానికొక కాలువ తవ్వి మళ్లించడమే తెలివైన పని.

మిల్క్‌మన్‌ను ఐస్‌లాండ్ వారు ఆహ్వానించారు. 1992లో ప్రతి పాఠశాలలోని 14, 15, 16 ఏళ్ల పిల్లలందరికీ ప్రశ్నపత్రాలిచ్చారు. ఎప్పుడైనా తాగావా, పొగతాగావా, తల్లిదండ్రులతో ఎంతసేపు గడుపుతావు, సాయంత్రాలు ఏం చేస్తావు అని అడిగారు. 1995లోనూ 1997లోనూ మళ్లీ అడిగారు. ఈ పరిశోధనకు సారథ్యం వహించినవారిలో ఇంగా డోరా సిగ్‌ఫుస్‌దోత్తిర్ ముఖ్యులు. మత్తుకు దూరంగా ఉన్న పిల్లలలో నాలుగు లక్షణాలు స్పష్టంగా కనబడ్డాయి. వారానికి మూడు నాలుగు సార్లు శిక్షకుని పర్యవేక్షణలో ఆటలో గాని కళలో గాని పాల్గొనడం, పనిదినాలలో తల్లిదండ్రులతో ఎక్కువ కాలం గడపడం, బడిలో తమను పట్టించుకునేవారున్నారన్న నమ్మకం, రాత్రి పొద్దుపోయేదాకా వీధులలో తిరగకపోవడం.

ఇక కార్యాచరణ మొదలయింది. 18 ఏళ్ల లోపు వారికి పొగాకు, 20 ఏళ్ల లోపు వారికి మద్యం అమ్మరాదన్నారు. వాటి ప్రకటనలను నిషేధించారు. శీతకాలంలో 13 నుండి 16 ఏళ్ల పిల్లలు పెద్దలు వెంట లేకుండా రాత్రి పది దాటి బయట ఉండరాదన్నారు. తల్లిదండ్రులు తమలో తాము ఒప్పందాలు రాసుకుని, వంతులవారీగా సాయంత్రాలు వీధులలో తిరిగి పిల్లలను ఇళ్లకు పంపేవారు. ఆటలకూ సంగీతానికీ ప్రభుత్వ ధనం పెరిగింది. రేక్యవిక్‌లో ప్రతి బిడ్డకూ ఏటా 35,000 క్రోనాల వరకు విలువచేసే కార్డు ఇచ్చి, పేదింటి పిల్లలకు కూడా మైదానం తలుపు తెరిచారు. 1997 నుండి 2012 లోపల, పనిదినాలలో తరచుగా తల్లిదండ్రులతో గడుపుతున్నామన్న 15, 16 ఏళ్ల పిల్లలు 23 శాతం నుండి 46 శాతానికి పెరిగారు. వారానికి నాలుగు సార్లైనా ఆటలాడేవారు 24 శాతం నుండి 42 శాతమయ్యారు.

ఆదర్శవ్యక్తుల సంగతి ఇక్కడే చూడాలి. 2016 యూరో ఫుట్‌బాల్ పోటీలలో ఈ చిన్న దేశం ఇంగ్లండును 2-1తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. 2018 ప్రపంచ కప్పుకు అర్హత సాధించి, అప్పటివరకు అలా అర్హత పొందిన దేశాలలో అతి తక్కువ జనాభా గలదిగా నిలిచింది. ఆ జట్టు శిక్షకుడు హేమిర్ హాల్‌గ్రిమ్సన్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. ఇందులో గమనించవలసినది క్రమం. ముందు మహా క్రీడాకారులు పుట్టి, వారిని చూసి పిల్లలు మారలేదు. ముందు ఊరూరా మైదానాలు, శిక్షణ పొందిన శిక్షకులు, వెంట నిలిచే తల్లిదండ్రులు వచ్చారు. ఆ వాతావరణంలో యౌవనంలోకి అడుగుపెట్టినవారే తరువాత లోకానికి ఆదర్శమయ్యారు. బిడ్డకు మొదటి ఆదర్శం తెర మీది నటుడు కాదు, తన పేరు తెలిసిన పెద్దమనిషి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. అదే కాలంలో ఐరోపాలోని మరికొన్ని దేశాలలోనూ పిల్లల తాగుడు తగ్గింది. కనుక ఘనత అంతా ఈ ఒక్క పథకానిదే అనడం శాస్త్రీయం కాదు. అయినా ఐస్‌లాండ్‌లో తగ్గుదల వేగమూ లోతూ అసాధారణమైనవి.

ఐస్‌లాండ్‌లో ఆ మొదటి ప్రశ్నపత్రాలు పంచిన 1992లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చిన స్త్రీలు రోశమ్మ వంటివారి నాయకత్వంలో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. ఆ తల్లుల సాహసం చిరస్మరణీయం. అయితే నిషేధం ఒక తలుపును మూయగలదే గాని, మరొక తలుపును తెరవలేదు. నేడు ఆటస్థలం లేని అంతస్తుల భవనాలలో, తెల్లవారుజాము నుండి రాత్రి దాకా మార్కుల కోసం కూర్చోబెట్టిన ఇంటర్మీడియట్ విద్యార్థికి మనం తెరిచి ఉంచిన తలుపు ఏది?

తల్లిదండ్రులకు నా మనవి ఇది. రోజూ ఒక గంట ఆటను చదువుకు శత్రువుగా చూడకండి. రాత్రి భోజనం ఒక్కటైనా ఫోన్లు పక్కన పెట్టి కలిసి చేయండి. మీ బిడ్డ స్నేహితుల తల్లిదండ్రులతో పరిచయం పెంచుకోండి. మీ చేతిలో సిగరెట్టో గ్లాసో ఉంచుకుని హితవు చెప్పకండి. ఇప్పటికే అలవాటు పడిన బిడ్డను దోషిగా కాక రోగిగా చూడండి. మానసిక వైద్యుని సంప్రదించండి, లేదా కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ సంఖ్య 14446కు ఫోన్ చేయండి. పరువు పోతుందని దాచిన కొద్దీ వ్యాధి ముదురుతుంది. త్వరగా వచ్చినవారికి కోలుకునే అవకాశం ఎక్కువ.